ఒక్క శవం తక్కువైన కాలేజీ

"ఇక మీదట ఈ జిల్లాల ఒక్క మనిషి గూడ డాక్టరు లేక చావడు" అని మంత్రి వెంకటరాజం గారు ఇస్లామియా కాలేజీ గ్రౌండుల ప్రకటించిన్రు. చావాల్సివస్తే డాక్టరు పక్కనుండంగనే చస్తడన్నమాట. జనం బాగ చప్పట్లు కొట్టిన్రు. చప్పట్ల విషయంల మనం ఎన్నడు వెనకబడలేదు. మిగతా అన్నిట్ల వెనకబడ్డ ప్రాంతమే మనది. ఆ మాట ఎవలన్న అంటే మనకు కోపమొస్తది, అనకపోతే నిధులు రావు.

మంత్రిగారు తన తల్లి పేరు మీద బక్కమ్మ స్మారక వైద్య కళాశాల పెట్టవట్టిన్రు. ఆ తల్లి ఒక్కనాడు డాక్టరు మొఖం చూడలేదు, తొంభై ఏండ్లు సల్లగ బతికింది. అంతకన్న తగిన పేరు ఇంకోటి దొరకదని అందరొప్పుకున్నరు.

ఆ స్టేజీ మీద పరిచిన జంపఖానలన్ని కొమురెల్లివి. కొత్తవాడ మగ్గాల మీద నేయించి చౌరస్తల దుకాణం పెట్టి అమ్ముతడు. పార్టీ సభలకు మాత్రం ఊకెనే ఇస్తడు. సభ అయినంక చెప్పుల గుర్తులు కడిగి, ఆరవెట్టి, మళ్ల కొత్తవని అమ్ముతడు. దాన్నే ఆయన ప్రజాసేవ అనేది. ఈ సేవకు ఆయన కోరుకున్న ఫలం ఒక్కటే, బిడ్డ భారతి డాక్టరు కావాలె. పిల్ల తెలివైంది. రెండుసార్లు ఎంట్రెన్సు రాస్తే రెండుసార్లు జరంతల పోయింది. కొత్త కాలేజీల మంత్రిగారి కోటా కింద ఒక్క సీటు మిగిలింది. "అది నీ బిడ్డదే పో" అని మంత్రిగారు ఒకనాడు కొమురెల్లి భుజం మీద చెయ్యేసిన్రు. ఆ అంగీని కొమురెల్లి శానా రోజులు ఉతకనియ్యలేదు.

ఆ సంబురంలనే సభల మైకు అందుకున్నడు. ఈ కాలేజీకి ఇచ్చేందుకు నా దగ్గర పైసల్లేవు గని పాణమున్నది, నా దేహం కాలేజీకే రాసిస్తాన అన్నడు. జనం ఈలలేసిన్రు. మంత్రిగారు కావలించుకున్నరు. ఇంటికి పోయినంక భార్య రాజవ్వ, మైకుల ఏం మాట్లాడినవని అడిగితే, యాదికి లేదన్నడు. అది అబద్ధం గాదు. మైకు చేతికొస్తే మనమేమన్నమో మనకు తెల్లారి పేపర్లనే తెలుస్తది.

కాలేజీ అంటే నర్సంపేట రోడ్డు మీది పాత పత్తి గోదామే. తెల్ల సున్నమేసి, ఎర్ర అక్షరాలు రాస్తే అచ్చం కాలేజీ లెక్కనే తయారైంది. ప్రిన్సిపాలు డాక్టర్ రామలింగం గారు పశువుల దవాఖానల రిటైరైనాయన. "దున్నపోతుకు సూదేసిన చెయ్యికి మనిషొక లెక్కనా" అని మంత్రిగారే ఆయనను ఏరికోరి పెట్టుకున్నరు.

ఇంతల ఢిల్లీ నించి ఇన్‌స్పెక్షన్ అని కబురొచ్చింది. ఇన్‌స్పెక్టరు సరేనంటే రికగ్నిషన్ వస్తది, లేకుంటే ఎవలకు సీట్లు లేవు, భారతికి అసలే లేదు. రామలింగం గారు మా పెద్దమనుషుల తెలివి ఏందో చూపెట్టిన్రు. క్లినిక్కులు నడిపే డాక్టర్లు ఒక పూట ప్రొఫెసర్లయిన్రు. స్కూళ్ల నించి మైక్రోస్కోపులొచ్చినయి. తొర్రూరు దిక్కు నించి రెండు లారీల రోగులొచ్చిన్రు, కూలి ఇంత, బువ్వ ఇంత అని మాట్లాడుకొని. పక్షవాతం మంచమిచ్చిన ఒకాయన బువ్వ గంట కొట్టంగనే అందరికన్న ముందు ఉరికిండు. ఆయనను తీసుకపోయి దగ్గు వార్డుల ఏసిన్రు.

అన్ని కుదిరినయి గని అనాటమీకి శవం దొరకలేదు. పిల్లలు కోసి చూసి నేర్చుకునేది అక్కడనే గద. శవం లేని మెడికల్ కాలేజీ అంటే మగ్గం లేని సాలెవాడ అన్నట్టే. అడిగినకాడల్ల కాయిదాలు తెమ్మన్నరు.

రామలింగం గారు చౌరస్తకొచ్చి కొమురెల్లి దుకాణంల కూసున్నరు. చాయ్ తాగిన్రు. కొమురెల్లి చెయ్యి పట్టుకొని నాడి చూసిన్రు.

"ఆరోగ్యమెట్లున్నదయా కొమురెల్లీ?"

"మీ దయతోని మంచిగున్నది సార్."

ప్రిన్సిపాలు గారు పెద్ద ఊపిరిడిసిన్రు. "మంచిదే. నేనేం తొందరవెడ్తలేను. కని ఇన్‌స్పెక్షను గురువారమున్నది."

కొమురెల్లి చాయ్ కప్పు కింద పెట్టిండు. అప్పుడు ప్రిన్సిపాలు గారు నవ్వి, నిజంగ చచ్చుడు అక్కరలేదని, గడియసేపు బల్ల మీద పండుకుంటే చాలని చెప్పిన్రు. తెల్ల బట్ట కప్పుతరు, ఢిల్లీ ఆయన వస్తడు, చూస్తడు, పోతడు. సభల పదిమందిల ఇచ్చిన మాట గూడ నిలబడ్డట్టయితది. భారతి సీటు కోసం కొమురెల్లి ఇప్పటిదాక చెయ్యనిది ఈ ఒక్క పనే. సరేనన్నడు.

ఇంట్ల రాజవ్వ ఈ మాటిని బియ్యం చాట పక్కకు వెట్టింది. తరువాత నిమ్మళంగ అడిగింది. "గురువారం నాడు నేను బొట్టు పెట్టుకోవాల్నా, వద్దా? అదన్న అడిగినవా మీ సారును?"

అది అడుగుడు మరిచిపోయిన్నని కొమురెల్లి ఒప్పుకున్నడు. భారతికైతే ఏడుపొచ్చింది. "శవం లేని కాలేజీల నేనేం సదువుత బాపూ?" అన్నది. "అందుకేనే బిడ్డా నేను పోతాంది" అన్నడు కొమురెల్లి. పిల్ల కండ్లు తుడుసుకొని, తండ్రిని చాప మీద పండవెట్టి, ఛాతి లేవకుండ ఊపిరెట్ల తీసుకోవాల్నో నేర్పింది. ఆ కాలేజీ మొదలు కాకముందే దాని పేరు మీద జరిగిన అసలైన పాఠం అదొక్కటే.

గురువారం వచ్చింది. కొమురెల్లి చౌరస్తల చాయ్ తాగి, దేవునికి దండం పెట్టి, కాలేజీకి పోయి బల్లెక్కి పండుకున్నడు. సున్నం వాసనకు తుమ్మొచ్చేటట్టున్నది గని ఆపుకున్నడు. ఇన్ని రోజులు జంపఖానలు పరిచినోనికి, పరుచుకొని పడుండుడు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఢిల్లీ ఇన్‌స్పెక్టరు వార్డులన్ని చూసుకుంట వచ్చిండు. ఆయన కారు డిక్కిల అప్పటికే కొమురెల్లి దుకాణంలవి రెండు జంపఖానలున్నయి. అనాటమీ హాలుకొచ్చి బట్ట తీసిండు. అలవాటు కొద్ది శవం మణికట్టు పట్టుకొని, గడియారం దిక్కు చూసుకుంట లెక్కపెట్టిండు. ప్రిన్సిపాలు గారు బట్ట మళ్ల కప్పవోయిన్రు. ఇన్‌స్పెక్టరు లెక్క అయినంక చెయ్యిని మెల్లగ ఎక్కడిదక్కడ పెట్టి, "వెరీ ఫ్రెష్" అన్నడు. కొమురెల్లి లోపల్లోపల సమ్మక్కకు ఎత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మొక్కుకున్నడు, బిడ్డకు సీటొచ్చినట్టే.

అప్పుడే బయట కార్లాగినయి. అనుకోకుండ మంత్రిగారొచ్చిన్రు. వెనుకనే రైసుమిల్లు సారంగపాణి, ఆయన వెనుక పేపరోళ్లు. మంత్రిగారు బల్ల దిక్కు చూసి నిలబడిపోయిన్రు.

"అరె, మన కొమురెల్లి గాదు? ఎప్పుడు పోయిండు?"

ప్రిన్సిపాలు గారు ఇన్‌స్పెక్టరు దిక్కు చూసిన్రు, పైకప్పు దిక్కు చూసిన్రు. "మొన్ననే సార్" అన్నరు.

మంత్రిగారు కెమెరాల దిక్కు తిరిగిన్రు. ఇచ్చిన మాట కోసం పాణమిచ్చిన కార్యకర్త ఇంకే పార్టీలనన్న ఉన్నడా అని పేపరోళ్లను అడిగిన్రు. లేడని అందరన్నరు. అందరికన్న ఎక్కువ ఏడ్చింది సారంగపాణే. ఆ పొద్దుగాలనే చౌరస్తల కొమురెల్లితోని ఒకే బల్ల మీద కూసొని చాయ్ తాగిండు, పైసలు గూడ కొమురెల్లితోనే ఇప్పిచ్చిండు. కండ్లొత్తుకుంట మంత్రిగారి చెవుల ఏదో చెప్పిండు.

మంత్రిగారు తలూపిన్రు. "నిజమే. తండ్రి లేని పిల్ల, ఐదేండ్ల డాక్టరు సదువు ఎవలు సదివిస్తరు? మనమే ఆశపెట్టి ఆగం జేసినట్టయితది. ఆ సీటు సారంగపాణి కొడుకుకు రాయుండ్రి. కొమురెల్లి కుటుంబాన్ని మాత్రం నేను మరువ. పిల్లకు సర్కారు తరఫున ఒక కుట్టుమిషన్."

పేపరోళ్లు రాసుకున్నరు. అందరు తలకాయలు దించి మౌనం పాటించిన్రు. కొమురెల్లి గూడ పాటించిండు, ఆయనకింకో దారి లేకుండె. లేసి కూసొని నేను బతికే ఉన్న అంటే రికగ్నిషన్ పోతది, కాలేజీ పోతది, సీటనేదే ఉండది. లేవకుంటే సీటుంటది గని భారతిది గాదు. చాప పక్కన కూసొని ఊపిరి నేర్పిన పిల్ల మొఖం కండ్లల్ల మెదిలింది. ఛాతి ఎట్ల కదలకుండ ఉంచాల్నో పిల్ల చెప్పింది గని కండ్లకేం చెయ్యాల్నో చెప్పలేదు. ఎడమ కంటి కొస నించి నీళ్లు కారి చెవి దాక పోయినయి.

ఇన్‌స్పెక్టరు వంగి చూసిండు. ఇదేందన్నట్టు ప్రిన్సిపాలు దిక్కు తిరిగిండు.

"మందు సార్" అన్నరు రామలింగం గారు. "కుళ్లకుండ ఎక్కించిన మందు. ఎక్కువైనట్టున్నది, కండ్ల నించి ఊరుతాంది."

ఇన్‌స్పెక్టరు ఆ నీళ్లను వేలుతోని తీసి చూసి, జేబు రుమాలుకు తుడుసుకున్నడు. ఇంత మంచిగ నిలువవెట్టిన శవాన్ని ఢిల్లీల గూడ చూడలేదని ప్రిన్సిపాలు గారికి షేక్‌హ్యాండిచ్చిండు.