టంకీ మీద ఖంజన్

ఆదివారం పొద్దున్నే వేణుగోపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో జామచెట్టు చాటున స్టూలు వేసుకుని కూర్చోవాలి. ఖంజన్ పిట్ట రాగానే ఫొటో తీసి, సాయంత్రంలోగా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చేయాలి. 'మన పెరటికొచ్చిన చలికాలపు పక్షులు' అని అక్కడ ప్రదర్శన పెడుతున్నారు. కిందటేడు ఆయన తీసిన ఫొటోలో చెట్టంతా పడింది గానీ పిట్టది తోకే పడింది. ఆయన పనిచేసే రైలింజన్ల షెడ్డులో ఏడాది పొడుగునా ఆయన్ని 'తోకబాబు' అన్నారు. ఈసారి తలతో సహా పిట్ట దొరక్కపోతే ఇక షెడ్డులో ఆయన తలెత్తలేడు.

వానలు వెనకపట్టగానే ఎక్కడో హిమాలయాల అవతలనుంచి ఎగిరొచ్చే ఆ నలుపూ తెలుపూ పిట్టంటే ఆయనకి ప్రాణం. తాతల నాడు శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చేసిన కుటుంబం కాబట్టి దాని తెలుగు పేరు ఆయనకి తెలీదు. ఊరంతా ఖంజన్ అంటే ఆయనా ఖంజనే అన్నాడు.

అనుకున్నట్టే వచ్చింది! స్నానాల గది మీది చిన్న నీళ్ళ టంకీ అంచున వాలి తోకాడించింది. వేణుగోపాల్‌కి ఒళ్ళు పులకరించిపోయింది. అంత సంతోషం ఒక్కడూ మొయ్యలేక, తనలాగే పిట్టల పిచ్చి ఉన్న అనిల్‌కి సెల్‌ఫోను చేశాడు. ఆ కుర్రాడికి తెలుగు అంతంతమాత్రం. అందుకని హిందీలో, పిట్ట బెదరకుండా గొంతు తగ్గించి చెప్పాడు.

"ఖంజన్ టంకీ పే బైఠా హై! కూద్ రహా హై! జల్దీ ఆవో, శోర్ మత్ కర్‌నా!"

టంకీ మీద కూర్చుని గెంతుతోంది, చప్పుడు చెయ్యకుండా రా అని. అదే తెలుగులో అనుంటే క్రియ దగ్గరే పిట్ట అని తేలిపోయేది. హిందీలో పిట్టకీ మొగుడికీ ఒకటే క్రియ. పైగా 'కూద్‌నా' అంటే గెంతడమూ అవుతుంది, దూకడమూ అవుతుంది. గోడ అవతల బట్టలారేస్తున్న బిమ్లాకి మొగుడున్నాడు. ఆయన గూడ్సు గార్డు, పేరు ఖంజన్ సింగ్. ఛఠ్ పండక్కి సెలవివ్వలేదని, "ఏం చేస్తానో చూడండి" అని అరిచి రాత్రి డ్యూటీకెళ్ళాడు. ఇంకా ఇల్లు చేరలేదు.

"హాయ్ రామ్!" అంటూ బిమ్లా బకెట్టు వదిలేసి కాలనీ పెద్ద టంకీ వైపు పరుగెత్తింది. ఆవిడ వెనక జనం కదిలారు. వీధి చివరికొచ్చేసరికి జనం నోట ఖంజన్ సింగ్ ఒక కాలు గాల్లో పెట్టేశాడు. మలుపు తిరిగేసరికి ఉత్తరం కూడా రాసిపెట్టాడు. ఎవరో ఫైరింజనుకి ఫోన్ కొట్టారు.

ఇక్కడ వేణుగోపాల్ ఇంకా కెమెరా మీట నొక్కలేదు. పిట్ట తల ఇటు తిప్పబోతోంది. సరిగ్గా అప్పుడే ఆయన తల్లి చిన్నమ్మి పెరట్లోకి వచ్చిపడింది.

"ఒరే గోపాలా, ఏటిరా ఇక్కడ నక్కి కూకున్నావు? పక్కింటి సింగు పెద్ద టంకీ ఎక్కేసినాడంట! దూకేత్తాడంటరా!"

పిట్ట తుర్రుమంది. వేణుగోపాల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కానీ మనిషి ప్రాణం ముందు పిట్టెంత?

"అయ్యో, సెలవు దొరకలేదని మొన్నే గోల పెట్టేడమ్మా!" అని మెళ్ళో కెమెరాతోనే పరుగెత్తాడు. తాను పుట్టించిన పుకారే తన గుమ్మం తొక్కిందని ఆయనకి తట్టనే లేదు.

టంకీ కింద జాతరలా ఉంది. అనిల్ రొప్పుతూ వచ్చాడు.

"అంకుల్, ఖంజన్ కహాఁ హై?"

"ఊపర్!" అని వేణుగోపాల్ కన్నీళ్ళతో పైకి చూపించాడు.

"వాహ్!" అని అనిల్ సంబరంగా కెమెరా తీశాడు. జనం కొట్టినంత పని చేశారు.

"పైనెవరూ కనబడట్లేదే, అసలు ఎవరు చూశారు?" అని ఒక పెద్దాయన అడిగాడు. బిమ్లా వేలు చూపించింది. "ఈ భాయీసాబే! ఫోన్‌లో చెబుతుంటే నేనే విన్నాను!"

వేణుగోపాల్‌కి అప్పుడు వెలిగింది. "అది... అది పిట్టండీ" అని నసిగాడు.

సరిగ్గా ఆ సమయానికే డ్యూటీ దిగి ఖంజన్ సింగ్ వెనక సందులోంచి వచ్చాడు. సంగతేమిటని చివర నిలబడ్డ ముసలాయన్ని అడిగితే, ఎవరో దూకబోతున్నారని చెప్పాడు. ఖంజన్ సింగ్ దయగల మనిషి. పెట్టె కింద పెట్టి, ఆ అభాగ్యుణ్ణి కాపాడదామని వెనకవైపు నిచ్చెన ఎక్కేశాడు. పైన ఎవరూ లేరు. కిందికి చూసేసరికి కళ్ళు తిరిగి, కమ్మీ పట్టుకుని చతికిలబడ్డాడు.

"అదిగో!" అని జనం కేక పెట్టారు. "పిట్టట, పిట్ట!" అని పెద్దాయన వేణుగోపాల్‌ని ఉరిమి చూశాడు.

ఫైరింజను వచ్చింది. తాళ్ళు పైకి వెళ్ళాయి. కాలనీ యావత్తూ నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే వేణుగోపాల్ సిగ్గుతో తల దించుకున్నాడు. టంకీ నుంచి కారిన నీళ్ళ మడుగులో, చెయ్యి చాపితే అందేంత దూరంలో, తోకాడిస్తూ ఖంజన్! తల తిప్పి ఆయన్నే చూసింది. ఊపిరి బిగబట్టి నొక్కాడు. తలా తోకా కాళ్ళూ, వెనకాల ఆకాశం చూస్తున్న వందమంది మొహాలూ అన్నీ పడ్డాయి.

బుధవారీ అనే బజార్లో ప్రింటు వేయించి ఇచ్చిన ఆ ఫొటో ముందునుంచి సాయంత్రం జనం కదిలితే ఒట్టు. షెడ్డు వాళ్ళు ఎవరి మొహం వాళ్ళు వెతుక్కుని, వేణుగోపాల్ భుజం తట్టారు. ఆయనకి కడుపు నిండిపోయింది. అధికారులు హడలిపోయి ఖంజన్ సింగ్‌కి అడిగిన సెలవంతా ఇచ్చేశారు. ఆయన కూడా బిమ్లాతో కలిసి ప్రదర్శనకి వచ్చాడు.

ఫొటో కింద పక్షి పేరు రాయమని నిర్వాహకులు కలం ఇచ్చారు. వేణుగోపాల్ పక్కనే నిలబడ్డ బిమ్లా వంక ఒకసారి చూసి, తెలుగులో 'పిట్ట' అని రాసి ఊరుకున్నాడు.