విదేశీ అతిథులారా, చెప్పిన రోజుకే రండి!

విశాఖపట్నం చూడవచ్చే విదేశీయులు తప్పనిసరిగా తెల్లబట్టలే వేసుకురావాలి!

గైడ్ బుక్కుల్లో దీనికి విరుద్ధంగా రాసి ఉంటుంది. ముదురు రంగులు మేలనీ, నీళ్లు కాచుకు తాగమనీ, పచ్చిమిరపకాయ జోలికి పోవద్దనీ చెబుతారు. అవి రాసిన మహానుభావులు మా ఊరు వచ్చి ఉండరు. వచ్చినా వన్ టౌన్‌లో మా వీధికి వచ్చి ఉండరు. నేను పుట్టి పెరిగింది ఆ వీధిలోనే కాబట్టి నా సలహా వినండి. ఫీజు లేదు!

ముందు వీధి సంగతి చెప్పాలి. మాకూ హార్బరుకీ మధ్య ఒక గోడ అడ్డం. గోడకి అవతల ఇనుప ఖనిజం గుట్టలు. అది ఎక్కడో కొండల్లో పుట్టి, రైలెక్కి వచ్చి, అక్కడ పోగుపడి, ఓడలెక్కి మీ దేశాలకు వెళ్లిపోతుంది. అంతా వెళ్లదు లెండి. ఓడలోకి లోడింగ్ జరిగినప్పుడల్లా పడమటి గాలి తన వాటా తాను తీసుకుని మా వీధిలో ఇంటింటికీ పంచిపెడుతుంది. ఎర్రటి మెత్తటి పొడి. దాన్ని పట్టుకుని మా వీధివాళ్లు న్యూసెన్సు అంటారు. ఎంత కృతఘ్నులో చూడండి!

మీ దేశంలో ఒంట్లో ఇనుము తక్కువైతే ఏం చేస్తారు? టానిక్కు సీసాలు కొనుక్కుంటారు. మాకా ఖర్చు లేదు. గాలి పీలిస్తే చాలు! మా ఎదురింటి జోగమ్మగారు కిందటి శీతాకాలం నుంచి ఆగకుండా దగ్గుతున్నారు. సీతమ్మధారలో డాక్టరు గారు గొట్టం పెట్టి విని, "ఇల్లు మారండమ్మా" అన్నారు. మందు మాత్రం రాయలేదు. ఇంత బలం పట్టిన మనిషికి ఇంకేం రాస్తారు?

ఊళ్లో దారి తప్పారా? మ్యాపు తియ్యకండి. బస్సు ఆగినచోటల్లా దిగి ఏదో ఒక ఇంటి కిటికీ రెక్క మీద వేలు పెట్టి రుద్దండి. వేలు తెల్లగా ఉంటే మీరు సీతమ్మధారలో పెద్దమనుషుల మధ్య ఉన్నారన్నమాట. కాస్త ఎర్రబడితే బస్సు సరైన దారినే పోతోంది. గోటి సందుల్లోకి కూడా ఎరుపెక్కితే మళ్లీ బస్సెక్కకండి. హార్బరు వచ్చేసింది!

మా ఇంట్లో పెరుగన్నం వడ్డించాక అది చూస్తుండగానే ఎర్రబడుతుంది. మీవాళ్లకు కారమంటే భయం కదా, కంగారుపడి నీళ్లు తాగకండి. అది కారం కాదు.

ఇక్కడి గుర్తుగా ఏం పట్టుకెళ్లాలని అడుగుతారు. గంధపు ఏనుగులూ, బుర్రుపిట్టల బొమ్మలూ కొని మోసపోకండి. మా వీధిలో ఒక్క పూట తిరిగితే చెవుల్లో, జేబుల్లో, కెమెరా సందుల్లో మా సరుకు ఊరికే వచ్చి చేరుతుంది. మీ దేశం ఓడలు పంపించి మరీ కొనుక్కుపోతున్నది అదే! కస్టమ్స్ వాళ్లు ఏం తెచ్చారని అడిగితే వాళ్ల ఎదురుగా ఒక్క తుమ్ము తుమ్మండి.

సమసమాజం వస్తుంది, వస్తుంది అని మైకుల ముందు అరుస్తారే, అది మా వీధికి ఎప్పుడో వచ్చేసింది. సన్యాసిరాజుగారి మేడా, పక్కనున్న రేకుల షెడ్డూ ఒకటే రంగు. మా వీధి కుక్కలన్నీ ఒకటే రంగు కావడంతో ఏది ఎవరి కుక్కో తెలియక జనం అన్నిటికీ అన్నం పెడుతున్నారు. ఇంతకంటే ఏం కావాలి?

ఇన్ని భోగాలున్న వీధిలో ఒకటే లోటు. మీరు వచ్చిన రోజున ఇవేవీ ఉండవు!

ఫారిన్ డెలిగేషన్ వస్తోందంటే చాలు, ఆ గుట్టల తాలూకు పెద్దలకు ఎక్కడలేని శుభ్రతా పుట్టుకొస్తుంది. లోడింగ్ ఆపేస్తారు. టార్పాలిన్లు కప్పుతారు. లావుపాటి రబ్బరు పైపులు పట్టి గుట్టలకి తలంట్లు పోస్తారు. ఆ పూట మా కుళాయిల్లో చుక్క రాదు, అది వేరే సంగతి. పొడి మాత్రం రవ్వంత లేవదు. అంటే నీళ్లు పోస్తే దుమ్ము అణుగుతుందన్న రహస్యం వాళ్లకి తెలుసునన్నమాట. చదువుకున్నవాళ్లు మరి!

ఈ రహస్యాన్ని నమ్ముకుని మా పక్కింట్లో ఒక పెళ్లి పెట్టుకున్నారు.

పక్కింటి రత్నరాజు హార్బరులో క్రేను మీద పనిచేస్తాడు. భార్య ఆరోగ్యమ్మ ఆసుపత్రిలో ఆయా. వాళ్ల పెద్దమ్మాయి పుష్పకుమారికి దువ్వాడ స్టేషన్లో ఉద్యోగం చేస్తున్న సుందర్ రాజ్‌తో సంబంధం కుదిరింది. వాళ్లు క్రైస్తవులు. తిథులూ వర్జ్యాలూ చూడరు. అయినా పెళ్లిరోజు పెట్టడానికి రత్నరాజు పడ్డ అవస్థ మా పురోహితుడు జన్మలో పడి ఉండడు. ఎందుకంటే వాళ్ల పెళ్లికూతురు తెల్లచీర కట్టాలి. అది కట్టుకుని, బ్యాండుమేళంతో, మా వీధి వెంట చర్చిదాకా నడవాలి. కాబట్టి ఖనిజం ఓడ రేవులో ఉన్నన్ని రోజులూ వాళ్లకి వర్జ్యమే!

"ఏ రోజు సూసినా ఏదో ఓడ ఉంటంది బావా" అన్నాడు రత్నరాజు నా అరుగు మీద కూలబడి. "ఒకటి ఎల్లకముందే ఇంకోటి లైన్లో ఉంటంది. పోనీ వర్సాకాలం ఎడదామంటే బురద. ఏటి సెయ్యాల?"

"రంగుచీర కట్టిస్తే?" అన్నాను నేను, తెలివిగా.

పక్కింటి లోపల్నుంచి ఆరోగ్యమ్మ గొంతు వినిపించింది. "మా అమ్మ తెల్లసీరే కట్టింది, నాను తెల్లసీరే కట్టాను. నా పిల్ల ఏటి పాపం సేసింది బాబూ?"

ఆ చీర కోసం ఆవిడ ఎన్ని డ్యూటీలు ఎక్కువ చేసిందో మా వీధిలో అందరికీ తెలుసు.

అప్పుడే దేవుడు పంపినట్టు పేపర్లో వార్త పడింది. మే నెలలో ఒక బుధవారంనాడు, మన ఖనిజం కొనే దేశంవారు గుట్టలు చూడటానికి విచ్చేస్తున్నారట! రత్నరాజు ఆ పేపరు ముక్క పట్టుకుని చర్చికి పరిగెత్తాడు. పెళ్లి బుధవారానికి ఖాయమైపోయింది. ఒక్క పెళ్లేనా! వెనకింటి రామలక్ష్మమ్మగారు గుమ్మడి వడియాలు ఎండబెట్టడం ఆ రోజుకే అట్టేపెట్టారు. సన్యాసిరాజుగారు మేడకి సున్నం వేయించడానికి కూలీలను మాట్లాడుకున్నారు. నేను నా పంచెలన్నీ, ముందురోజు పట్టిన నీళ్లతో, ఆ రోజు ఉతకడానికి మూటగట్టి ఉంచాను. ఏ పంచాంగకర్తా పెట్టలేనంత గట్టి ముహూర్తం!

బుధవారం పొద్దున్నే పైపులు విప్పిన చప్పుడు వినిపించింది. గాలి కడిగినట్టుంది. పుష్పకుమారి గుమ్మం దిగి వీధిలో నిలబడితే మేమందరం అరుగులు దిగి చూశాం. మా వీధిలో అంత తెలుపు నేను చూసి ఎరగను. బ్యాండువాళ్లు అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే గోడకి అవతల ఫోను మోగిందట. అతిథులకు హైదరాబాదు నచ్చిందనీ, ఇంకో రోజు ఉండి రేపు వస్తారనీ కబురు. దాందేముంది, అతిథుల ఇష్టం. కానీ గుట్టల పెద్దలు మాత్రం ఒక్క క్షణం వృథా కానివ్వలేదు. పైపులు చుట్టేశారు. టార్పాలిన్లు లాగేశారు. ఆపిన లోడింగ్‌ని రెండింతల వేగంతో మళ్లీ మొదలుపెట్టించారు.

ముందు వచ్చింది వాసన. తర్వాత గాలి. ఆడవాళ్లు కొంగులు విప్పి పెళ్లికూతురి మీద పందిరి పట్టారు. ఆరోగ్యమ్మ, "నడవండే, తొరగా నడవండే!" అని అరుస్తూనే ఉంది. సన్నాయి ఊదేవాడు దగ్గుతూ ఆగిపోయాడు. చర్చి మెట్ల దగ్గరికి చేరేసరికి చీర ఇటుకరంగు తిరిగింది. ఆ పిల్ల మెట్టు ఎక్కలేదు.

"నాను లోపలికి రానమ్మా" అంది.

నవ్వొచ్చిందని రాస్తే ఈ కాలమ్‌కి బాగుంటుంది. కానీ నాకు నవ్వు రాలేదు. చివరికి పాస్టరుగారే బయటికొచ్చి ఆ గాలిలో ఆ పిల్ల పక్కన నిలబడ్డారు. తన తెల్ల అంగీ దులుపుకున్నారు, పొడి రాలలేదు. "నాదీ అదే రంగు. రామ్మా" అన్నారు. పెళ్లయింది.

గురువారం అతిథులు వచ్చారు. మళ్లీ పైపులు, మళ్లీ టార్పాలిన్లు, మళ్లీ నీలాకాశం. ఊరెంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకుంటూ కార్లలో మా వీధి మీదుగా వెళుతూ, రత్నరాజు ఇంటి ముందు ఆగారు. దండెం మీద ఆ చీర ఆరుతోంది. కెమెరా ఉన్న అతిథి దిగి, వెంట ఉన్న ఆఫీసరుతో ఇంగ్లీషులో అన్నాడు: "ఇండియాలో పెళ్లికూతుళ్లు ఎర్రచీర కడతారని పుస్తకంలో చదివాను. నిజమే! ఎంత చక్కటి రంగు!"

"మీ ఎర్రచీర చాలా బాగుందంటున్నారు" అని ఆఫీసరుగారు ఆరోగ్యమ్మకు తెలుగులో చెప్పారు.

"ఎరుపేటి బాబూ? తెల్లసీర అది" అంది ఆరోగ్యమ్మ. "తమరు నిన్న ఒత్తామని రాలేదు, అందుకే అలగయిపోనాది. సబ్బుకీ పోలేదు, సోడాకీ పోలేదు."

"మీరు రావడం తనకెంతో సంతోషమంటోంది" అని ఆఫీసరుగారు అతిథికి ఇంగ్లీషులో చెప్పారు. అతిథి పొంగిపోయి రెండు చేతులూ జోడించాడు.

"దండాలు సరే గానీ, మళ్లీ ఎప్పుడొత్తారో అడగండి బాబూ" అంది ఆరోగ్యమ్మ. "నాకు రెండో పిల్ల ఉంది. దాని పెళ్లి ఆ రోజే ఎట్టుకుంటాం. ఈపాలి మాత్తరం మాటమీద నిలబడమనండి."

ఆఫీసరుగారు ఆ ముక్క అనువాదం చెయ్యలేదు. కారు తలుపు వేసుకున్నారు. అందుకే ఈ సలహాలన్నీ నేను రాయవలసి వచ్చింది.

విదేశీయులకు తెలుగు రాదు కదా, తెలుగులో రాసి ఏం లాభం అంటారా? వాళ్లకు రాదు. నీళ్ల పైపు చేతిలో ఉన్నవాళ్లకు వచ్చు.