ఉప్పు తిన్న న్యాయమూర్తి

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికీ కలిపి, ఆ ఎండాకాలం ఒక్కటే మడుగు మిగిలింది. మిగిలిన వెంటనే అది తన సొంతమని సింహానికి గుర్తొచ్చింది. వానాకాలంలో ఎందుకు గుర్తు రాలేదని ఎవరూ అడగలేదు. అలా అడిగే అలవాటున్నవాళ్లను ఆయన అంతకుముందే భోంచేశాడు.

జింకలు మాత్రం పెద్దకోర్టుకు వెళ్లాయి. వాళ్ల తరఫున గౌరి అనే లేడి నిలబడింది. దానికి పాలు మానని పిల్ల ఒకటుంది. తల్లికి నీళ్లు లేకపోతే పిల్లకు పాలు లేవు. ఈ సంగతి అర్థం కావడానికి చట్టం చదవక్కర్లేదు గానీ, చదివినవాళ్లకు కాస్త సమయం పడుతుంది.

పెద్దకోర్టంటే కొండ కింద ఉన్న నల్లబండ. దానికి పైన ఇంకో కోర్టు లేదు, ఆకాశమే. గౌరి వచ్చినప్పుడల్లా కోర్టు వాయిదా వేసేది. తీర్పు వచ్చేదాకా మడుగు విషయంలో యథాతథ స్థితి కొనసాగాలని ఒక ఉత్తర్వు కూడా ఇచ్చింది. అంటే సింహం తాగుతుంది, మిగతావాళ్లు చూస్తారు. చూసీ చూసీ వాళ్లు వాగు ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన తేమ నాక్కునేవాళ్లు.

బండ మీద ఐదుగురు న్యాయమూర్తులు కూర్చోవాలి. అందరికంటే పెద్ద ఏనుగు. ఏనుగు, కొండముచ్చు జింకల వైపని అందరికీ తెలుసు. ఎలుగుబంటి, కొంగ సింహం వైపని ఇంకా బాగా తెలుసు. పదవి దిగాక ఎలుగుబంటిని తేనెపట్ల కొండకు అధిపతిని చేస్తారని ఎలుగుబంటి భార్యే చెప్పుకు తిరిగేది. ఐదో చోటు తాబేలుగారిది. ఆయన ఒక కేసు విచారణ మొదలుపెట్టి, అది ముగియకముందే కన్నుమూశారు. తాబేలు ఆయుష్షు ఎంతో తెలిసినవాళ్లకు ఆ కోర్టు వేగం వేరే చెప్పనక్కర్లేదు.

ఖాళీ చోటు నింపే పని నక్క మంత్రి దాసన్న మీద పడింది.

"కేసు గెలిస్తే నా పక్కన ఉంటావు దాసన్నా," అంది సింహం, ఆవులిస్తూ. "ఓడితే నా కడుపులో ఉంటావు."

దాసన్నకు ఆ ఆవులింతలో చాలా దూరం కనబడింది. అడవంతా గాలించాడు. తెలివైనవాళ్లను నమ్మలేం, ఆలోచిస్తారు. మూర్ఖుల్నీ నమ్మలేం, వాళ్లకూ ఒక్కోసారి సొంత అభిప్రాయాలుంటాయి. చివరికి భద్రయ్య అనే పొట్టేలు కంటబడ్డాడు. మందలో ముందున్నవాడు గుంటలో పడితే, ఆ గుంట ఎక్కడుందో వెతుక్కుని మరీ పడే రకం. దాసన్న కళ్లు చెమర్చాయి.

బండ ఎక్కబోయే ముందురోజు సాయంత్రం దాసన్న అతనికి విందు ఇచ్చాడు. గొర్రెలు, పొట్టేళ్లకు చవుడు నేలంటే ప్రాణం. కొండ అవతల ఉప్పు పేరుకున్న మంచి చవుడు నేల ఉంటే అక్కడికి తీసుకెళ్లి, తృప్తిగా నాకమన్నాడు. ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉంటుందని దాసన్న నమ్మకం.

"మంత్రిగారూ, నాకు చట్టం రాదు కదండీ," అన్నాడు భద్రయ్య, నాకడం ఆపకుండానే.

"వచ్చినవాళ్ల వల్లే కదా బావా, ఇన్నాళ్లూ ఆలస్యమైంది. నువ్వు ఎలుగుబంటిగారి వెనకే ఉండు. ఆయన ఏమంటే అదే అను."

"అంతేనా? మందలో నేను చేసేదీ అదే."

దాసన్న నిశ్చింతగా పడుకున్నాడు. మర్నాడు తనే ఎలుగుబంటికి కబురంపి, అది అడుగుతూ వచ్చిన వాయిదాలు ఆపించాడు. వాదనలు పొద్దెక్కకముందే అయిపోయాయి. వాదించడానికి అసలు అంత విషయమేమీ లేదని అప్పుడు తెలిసింది.

అయితే తీర్పు చెప్పే పద్ధతిలో దాసన్నకు తెలియని సంగతి ఒకటుంది. అతనికే కాదు, ఆ కాలం వాళ్లెవరికీ తెలియదు. ఆ బండ మీద చివరిసారి తీర్పు వెలువడింది అతని తాత కాలంలో.

ఏనుగు గొంతు సవరించుకుంది. "వాదనలు ముగిశాయి గనక తీర్పు చెప్పేదాకా ఎవరూ బండ దిగకూడదు. పెద్దలు ముందు చెబితే చిన్నవాళ్లు మొహమాటపడతారని, కొత్తగా వచ్చినవారే ముందు చెప్పడం మన ఆచారం. భద్రయ్యగారూ, చెప్పండి."

భద్రయ్య ఎలుగుబంటి వైపు చూశాడు. వంతు రాకుండా నోరు విప్పడం నేరం గనక ఎలుగుబంటి ఆకాశం వైపు చూసింది.

"నాకు ముందు ఎవరూ లేరాండీ?"

"లేరు," అంది ఏనుగు.

భద్రయ్య జీవితంలో అలాంటి విపత్తు ఎప్పుడూ రాలేదు. కింద జనంలోంచి దాసన్న కన్ను గీటాడు, తోక తిప్పాడు, దగ్గాడు. మంత్రిగారికి ఒంట్లో బాగాలేదని భద్రయ్య జాలిపడ్డాడు.

ఎండ ముదిరింది. బండ కాలింది. లోపల ఉప్పు తన పని తాను చేసుకుపోతోంది. భద్రయ్య నాలుక బయటికొచ్చింది.

"నీళ్లు కావాలండీ."

"మడుగు మీద యథాతథ స్థితి ఉందండీ," అంది ఏనుగు. " తీర్పు వస్తే గానీ ముట్టకూడదు. ఆ ఉత్తర్వు మన కోర్టుదే."

"తీర్పు ఎవరు చెప్పాలి?"

"మీరే."

భద్రయ్య చాలాసేపు ఆలోచించాడు. మొదటిసారి గనక నొప్పి పుట్టింది. "మడుగు రాజుగారిదైతే నేను తాగొచ్చా?"

"వారు దయతలిస్తే. ఇప్పుడు నిద్రలో ఉన్నారు."

"అందరిదీ అయితే?"

"దిగి వెళ్లి తాగొచ్చు."

"అందరిదీ," అన్నాడు భద్రయ్య.

కొండముచ్చు, ఏనుగు అదే మాటన్నారు. ముగ్గురయ్యారు. ఎలుగుబంటి ఎంతో పాండిత్యంతో తనదీ కొంగదీ కలిపి అసమ్మతి వినిపించింది గానీ, అప్పటికి వినడానికి బండ తప్ప ఎవరూ మిగల్లేదు. అడవంతా మడుగు దగ్గరుంది. గౌరి తాగుతోంది, దాని పొట్ట కింద పిల్ల తాగుతోంది. వాళ్ల పక్కనే న్యాయమూర్తిగారు మూతి ముంచి, తలెత్తకుండా తాగుతున్నారు.

భద్రయ్య చెప్పిన ఆ ఒక్క మాటకు తర్వాత ఏనుగు చాంతాడంత వివరణ రాసింది. రాజ్యం కంటే దప్పిక పాతదట. బండ మీద భద్రయ్య పాటించిన మౌనంలో ఎంత లోతుందో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. అదరని బెదరని న్యాయమూర్తి అని ఆయన్ను ఊరేగించారు కూడా. ఊరేగింపులో ఆయన ముందువాడి వెనకే నడిచాడు.

సింహం నిద్రలేచి మడుగుకు వస్తే అడుగు పెట్టే చోటు లేదు. వరసలో అందరికంటే ముందు ఏనుగుల గుంపుంది. సింహం వెనక్కి తిరిగి గుహకెళ్లి, మంత్రిని పిలిపించింది.

"దీని మీద పైకోర్టుకు వెళ్లొచ్చా దాసన్నా?"

"పైన ఆకాశమే ప్రభూ."

సింహం మాట మీద నిలబడే రాజు. ఆ సాయంత్రం దాసన్న ఏ మంత్రీ చేరనంత దగ్గరగా రాజుగారికి చేరాడు.

నీతి: న్యాయమూర్తికి ఉప్పు పెట్టదలిస్తే, పక్కనే నీళ్లు కూడా పెట్టాలి.