ల్యాబుల్లేని చదువే చల్లని చదువు

కెమిస్ట్రీ చదువుకి ల్యాబు అక్కర్లేదు. అసలు ఉండకూడదు! ఉన్నచోట పీకేయాలి, లేనిచోట లేనందుకు కొబ్బరికాయ కొట్టాలి.

కోప్పడకండి. ముందు వినండి.

ల్యాబంటే ఏమిటి? నీళ్ళు రాని కుళాయి, గ్యాసు రాని బర్నరు, ముక్కు బద్దలయ్యే కంపు. అందులోకి పిల్లల్ని తోలితే ఏం చేస్తారు? యూనిఫాంకి చిల్లులు పెట్టుకుంటారు. వేళ్ళు కాల్చుకుంటారు. రంగు మారిందో లేదో అని కళ్ళు చిట్లించుకుని గంటసేపు నిలబడతారు. ఆ గంటలో ఎన్ని బిట్లు బట్టీ పట్టొచ్చు! ఒక్క బిట్టు పోతే ఒక్క మార్కు. ఒక్క మార్కు పోతే వెయ్యిమంది మనవాణ్ణి దాటుకుని పోతారు. బోడి ఒక్క ఆసిడ్ చుక్క కోసం పిల్లల బతుకులు పణం పెడతారా?

ఈ సత్యాన్ని ముందుగా కనిపెట్టినవాళ్ళు మన అపార్ట్‌మెంట్ కాలేజీలవాళ్ళు. వాళ్ళకి ఇప్పటిదాకా ఒక శాలువా కప్పిన నాథుడు లేడు. అదీ మన దేశం!

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాలాంటివాడి మాట మీరెందుకు నమ్ముతారు? నమ్మొద్దు. మా పెందుర్తి చలమయ్య కథ వినండి, చాలు.

చలమయ్య తీగలు లాగే ఫ్యాక్టరీలో ఆసిడ్ తొట్టి దగ్గర పనివాడు. తుప్పు పట్టిన ఇనప చుట్టల్ని కొక్కేనికి తగిలించి ఆసిడ్‌లో ముంచాలి, తుప్పు వదిలాక పైకి లాగాలి. ఏళ్ళ తరబడి అదే పని. కొత్త చొక్కా దసరాకి కొంటే దీపావళికల్లా జల్లెడ. ఎనిమిదో తరగతిలో బడి మానిపించిన తండ్రిని అతను తిట్టుకోని రోజు లేదు. బతుకులో అతనికున్న కోరిక ఒకటే. కూతురు హరిచందన ఆసిడ్ వాసన తగలకుండా పెద్ద చదువు చదవాలి.

పిల్ల టెన్త్ పాసయింది. అది రెండువేల రెండో సంవత్సరం. తండ్రీకూతుళ్ళు బస్సెక్కి సీతమ్మధారలో ఓ కాలేజీకి వెళ్ళారు. కాలేజీ అంటే నాలుగంతస్తుల బిల్డింగు. కింద మందుల షాపు, మీద ఇంటర్మీడియట్. అడ్మిషన్ల బల్ల వెనక ఉమాశంకర్ అనే ఆయన టై కట్టుకుని కూర్చున్నాడు.

"సార్, ఎంపీసీలో ఆసిడ్‌తో పనుంటాదంట గదా? మా పిల్ల సేతులు కాలిపోవు గదా?" అని చలమయ్య భయం భయంగా అడిగాడు.

ఉమాశంకర్ హాయిగా నవ్వాడు. "ఆసిడ్డా! మా దగ్గర ఆ బాధే లేదండీ. ల్యాబే లేదు. అంతా బోర్డు మీదే!"

చలమయ్య లేచి రెండు చేతులూ జోడించాడు. "బాబ్బాబు! మీ కడుపు సల్లగుండ!"

ల్యాబు లేదని తెలిసి మొహం మాడ్చుకున్నవాళ్ళున్నారు, తెలిసీ తెలియనట్టు ఊరుకున్నవాళ్ళున్నారు. తెలిసి దండం పెట్టిన మొదటి తండ్రి మా చలమయ్యే! విద్య విలువ తెలిసినవాడంటే అలా ఉండాలి.

హరిచందన తండ్రి పరువు నిలబెట్టింది. బస్సులో బట్టీ, బస్టాపులో బట్టీ, పళ్ళు తోముకుంటూ బట్టీ. రెండో ఏడు ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని చలమయ్య అడిగాడు.

"ఇయ్యాల ఏటి సెప్పేరమ్మా?"

"ఆసిడ్‌కి బేస్ కలిపితే ఏమవుతుందో చెప్పారు నాన్నా. ఒక సల్ఫ్యూరిక్ ఆసిడ్‌కి రెండు కాస్టిక్ సోడాలు. ఒకటే వేస్తే బ్యాలెన్స్ అవ్వదు."

"ఆసిడ్ గోల ఫ్యాక్టరీలో సాల్లేదేటి?" అంది వంటింట్లోంచి అతని భార్య వరహాలమ్మ. "అన్నం కాడ కూడానా!"

"నువ్వుండవే! సెప్పమ్మా."

పిల్ల కాగితం మీద రాసి చూపించింది. అటు హైడ్రోజన్లు నాలుగు, ఇటూ నాలుగు. అటు ఆక్సిజన్లు ఆరు, ఇటూ ఆరు. సోడియంలు రెండుకి రెండు, సల్ఫర్ ఒకటికొకటి. చివరికి మిగిలింది ఉప్పు, నీళ్ళు.

చలమయ్యకి ఒళ్ళు పులకరించింది. సంతలో వంకాయల తూకం కూడా ఇంత నిక్కచ్చిగా ఉండదే! ఇన్నేళ్ళూ తన చొక్కాలు మింగిన రాక్షసి, కూతురి పెన్ను కిందకొచ్చేసరికి ఉప్పూ నీళ్ళూ అయిపోయి బుద్ధిగా కూర్చుంది. చదువంటే ఇదీ!

కానీ అతనికి ఒక్క అనుమానం మిగిలిపోయింది.

"మరి ఆ ఏడి సెగేదమ్మా? మా కాడ పాత ఆసిడ్ పారబొయ్యకముందు సోడా డ్రమ్ములో కలుపుతారు. పొగలు కక్కుతాది. ఆ ఏడి ఇందులో కనబడదేటి?"

పిల్ల రెండు పేజీలు తిప్పింది. "ఉంది నాన్నా. న్యూట్రలైజేషన్ హీట్, మైనస్ యాభైఏడు పాయింట్ మూడు. మైనస్ కదా! చల్లబడుతుందన్నమాట."

"సల్లబడతాదా? మరి మా డ్రమ్ము..."

"మీ సోడా కల్తీదేమో. మైనస్ మర్చిపోతే మార్కు కట్ అని సార్ గట్టిగా చెప్పారు."

చలమయ్య తలూపి అన్నం కలుపుకున్నాడు. తన కళ్ళు ఎనిమిదో తరగతివి. పుస్తకం ఇంటర్‌ది. ఎవరిని నమ్మాలో ఆ మాత్రం తెలియదా?

మర్నాడు తొట్టి దగ్గర తోడు పనివాడు గవర్రాజుకి ఈ విశేషం చెప్పాడు.

"సోడా కలిపితే ఆసిడ్ సల్లబడతాదంటరా."

"పొద్దున్నే ఏసుకొచ్చీసినావేటి బావా? మరా డ్రమ్ములో పొగేటి? సీతాకాలం మంచా?"

"మన డ్రమ్ము సదువుకోలేదురా. బుక్కు సదువుకుంది."

"అయితే డ్రమ్ముని కూడా సీతమ్మధారలో జాయిన్ సేయించీ బావా!" అని గవర్రాజు పగలబడి నవ్వాడు. చలమయ్య నవ్వలేదు. చదువు లేనివాళ్ళతో ఎన్నని వాదిస్తాం?

ఇంతలో ప్రాక్టికల్స్ వచ్చాయి. ల్యాబు లేకుండా ప్రాక్టికల్సేమిటని అడుగుతారు, నాకు తెలుసు. సింహాచలం అప్పన్నని ఏడాది పొడుగునా చూస్తున్నారా? చందనం మాటున ఉంటాడు. ఒక్క రోజే నిజరూప దర్శనం. బ్యూరెట్టూ అంతే! ఆ రోజు పొద్దున్న ఎక్కణ్ణుంచో ఆటోలో వేంచేసింది. బల్ల మీద ప్రతిష్ఠించారు. పిల్లలు వరసగా వచ్చారు. దాంతోపాటే దిగిన అటెండరు పూజారిలా పక్కన నిలబడి "ముట్టుకోకండమ్మా, దూరం! దూరం!" అంటూ నాలుగు చుక్కలు తనే వదిలాడు. కింద గులాబీ రంగు వచ్చిందని వరసలో ముందున్నవాళ్ళు చెప్పారు. వెనకున్నవాళ్ళు నమ్మారు. రాయాల్సిన రీడింగు ముందే బోర్డు మీద వేసి ఉంది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరుగారికి బిరియాని వేడివేడిగా అందింది. ఆ రోజు అక్కడ వేడిగా ఉన్నది అదొక్కటే!

హరిచందనకి ముప్పైకి ముప్పై. చలమయ్య వీధంతా కోవా పంచాడు. నేనూ తిన్నాను.

ఆ కోవా తీపి నాలిక మీద ఉండగానే ఫ్యాక్టరీలో కొక్కెం జారింది. ఇనప చుట్ట ధబ్బున తొట్టిలో పడింది. ఆసిడ్ ఎగిరొచ్చి చలమయ్య కుడిచెయ్యి మీద, మోచేతి దాకా పడింది.

ఇలా అంతకు ముందూ పడింది. పడ్డప్పుడల్లా అతని కాళ్ళు వాటంతటవే కుళాయి వైపు పరిగెత్తేవి. ఈసారీ రెండడుగులు వేశాయి. అప్పుడు చలమయ్య ఆగాడు. నీళ్ళ కోసం పరిగెత్తడం చదువుకోనివాళ్ళ పని! ఆసిడ్‌కి మందు సోడా. కలిస్తే ఉప్పు, నీళ్ళు, చల్లదనం. కూతురు లెక్క కట్టి మరీ చూపించింది.

సోడా డ్రమ్ము పక్కనే ఉంది. చెయ్యి ముంచాడు.

"బావా! ఏటి సేత్తన్నావ్! కుళాయి కాడికి పద!" గవర్రాజు అరిచాడు.

"ఆగరా... సల్లబడతాది... ఒక్క సనం..."

పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, చలమయ్య చల్లదనం కోసం ఎదురుచూశాడు. గవర్రాజు నడుం పట్టుకుని లాగి కుళాయి కింద కుదేసేదాకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

క్లినిక్‌లో డాక్టరు మధులత కట్టు కడుతూ మండిపడింది. "ఆసిడ్ పడితే నీళ్ళ కింద పెట్టాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. సోడాలో ఎందుకు ముంచావయ్యా? ఎవరు చెప్పారు నీకు?"

హరిచందన అప్పుడే కాలేజీ బ్యాగుతో వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చలమయ్య అటు చూడలేదు.

"ఎవులూ సెప్పలేదమ్మా. నా ఎర్రిబుర్రే."

"నేనే చెప్పాను" అంది హరిచందన. "మైనస్ యాభైఏడు పాయింట్ మూడు కదా మేడమ్. చల్లబడుతుందని చెప్పాను."

డాక్టరమ్మ చేతులు ఆగిపోయాయి. "మైనస్ అంటే ఆ వేడి కలిపినదాంట్లోంచి బయటికొచ్చేస్తుందని, అమ్మా. బయటంటే ఎక్కడికి? అందులో ఏది ఉంటే దానికి. మీ నాన్న చెయ్యుంది. పైగా ఆ సోడా కూడా తోలు తినేదే." మళ్ళీ కట్టు అందుకుంటూ అడిగింది. "మీ ల్యాబులో ఎప్పుడూ కలిపి చూడలేదా?"

"ముప్పైకి ముప్పై వచ్చాయి మేడమ్" అంది పిల్ల.

"దాన్నేటి అనకండమ్మా" అన్నాడు చలమయ్య. "ఎల్లుండి దానికి పరీచ్చలు."

కట్టు విప్పాక తేలింది, రెండు వేళ్ళు ఇక ముడుచుకోవు. కొక్కెం పట్టలేని చేతిని తొట్టి దగ్గర ఎందుకుంచుతారు? గేటు దగ్గర కుర్చీ వేశారు. జీతమూ దానికి తగ్గట్టే కూర్చుంది.

తండ్రి చేతికి కట్టు ఇంకా ఉండగానే, పరీక్షకి ముందురోజు హరిచందన కాలేజీకి వెళ్ళి లెక్చరర్ని అడిగింది. "సార్, మైనస్ అంటే వేడి పుడుతుందని మీకు తెలుసా?"

"తెలియకేం? ఎక్సోథర్మిక్."

"మరి కాలుతుందని చెప్పలేదేం సార్?"

ఆయన చిరాకుపడ్డాడు. పడడా మరి! "అది రెండు మార్కుల ప్రశ్నమ్మా. డెఫినిషను, విలువ, మైనస్. నాలుగోది ఎవరడిగారు? పోయి రివిజన్ చేసుకో."

చూశారా పాఠకులారా, ఎంత నిఖార్సయిన పద్ధతో! పుస్తకంలో తప్పు లేదు. సారు చెప్పినదాంట్లో తప్పు లేదు. ఎగ్జామినరు వేసిన మార్కుల్లో కూడిక తప్పు లేదు. సమీకరణం అటూ ఇటూ సరిపోయింది. ఎవరినైనా పట్టుకుని అడుగుదామంటే నాకు ఒక్క దోషి దొరకలేదు. అందుకే ల్యాబులు వద్దంటున్నాను. ఉంటే ఎవరో ఒకరు బాధ్యులవ్వాల్సి వస్తుంది!

ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది. హరిచందన డెఫినిషను రాసింది, విలువ వేసింది, మైనస్ పెట్టింది. దాని కింద ఎవరూ అడగని వాక్యం ఇంకొకటి రాసింది. "ఈ వేడికి మనిషి చెయ్యి కాలుతుంది."

దిద్దినాయన దాన్ని కొట్టేశాడో, టిక్కు పెట్టాడో తెలియదు. రెండేళ్ళ కెమిస్ట్రీలో ఆ పిల్ల పుస్తకం చూడకుండా నేర్చుకున్న వాక్యం అదొక్కటే. అది నేర్పడానికి ఒక గాజు గ్లాసు సరిపోయేది.