ఎమ్మెల్యే గారి ఒక్క ఓటు

ఆ ఉదయం ఎమ్మెల్యే గారి కార్యక్రమం చాలా సులువైనది. ఏడింటికి గడ్డం, ఎనిమిదింటికి కొత్త చొక్కా, తొమ్మిదింటికి టౌన్‌హాల్లో సభ. పోలింగుకు ఇంకా పది రోజులే ఉంది. సభలో ఆయన చెయ్యవలసిందల్లా తన ఎన్నికల చరిత్ర చెప్పుకోవడం. అదేమంత పొడుగు కాదు. నాలుగుసార్లు పోటీ చేశారు. మొదటిసారి డిపాజిట్ పోయింది. రెండోసారి దక్కింది, దానికే ఇంట్లో మిఠాయిలు పంచారు. మూడోసారి ఆరువందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. నాలుగోసారి గెలిచారు, ఒకే ఒక్క ఓటుతో. అప్పట్నుంచి ఊరంతా ఆయన్ని "ఒక్క ఓటు ఎమ్మెల్యే" అనే పిలుస్తోంది.

ఆనాడు ఓడిపోయింది లెక్కల మాస్టారు. ఓట్లు మళ్లీ లెక్కపెట్టమని కూడా ఆయన అడగలేదు. కళ్లజోడు తుడుచుకుని, చెయ్యి కలిపి, ఇంటికి వెళ్లిపోయారు. ఎంత పెద్దమనసో అని ఊరు మెచ్చుకుంది. ఈసారీ పోటీ ఆ ఇద్దరి మధ్యే.

వరండాలో ఎమ్మెల్యే గారి కుడిచెంప నున్నగా తయారైంది. సెలూన్ పెద్దాయన ఎడమచెంపకు నురగ పట్టిస్తుండగా ఇల్లాలు కాఫీతో వచ్చింది. రెండో చేతిలో ఒక కరపత్రం ఉంది. అది రాసింది ఆవిడ తమ్ముడు. బావగారికి సెక్రటరీ కూడా అతనే. అక్క పట్టుబట్టి ఇప్పించిన ఉద్యోగం అది. తెల్లారేసరికల్లా దాన్ని పేపర్లలో పెట్టించి ఇంటింటికీ పంపేశాడు.

"ఏమండీ, ఇదేమిటి? 'నన్ను గెలిపించిన ఆ ఒక్క ఓటు మన సెలూన్ పెద్దాయనది' అని అచ్చేశారు?"

"నిజమే కదమ్మా," అన్నాడు పెద్దాయన సిగ్గుపడుతూ. "సారే చెప్పారు. ఎవరికీ చెప్పొద్దన్నారు గానీ, మొన్న మీ తమ్ముడికి క్రాపు చేస్తూ నోరు జారాను."

"మరి గెలిచొచ్చిన రోజు గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని 'ఆ ఒక్క ఓటు నీదేనే, ఎవరికీ చెప్పకు' అనలేదూ? ఐదేళ్లనుంచి మా అమ్మక్కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నానే!"

ఎమ్మెల్యే గారు నోరు తెరిచారు. నురగ లోపలికి పోయింది.

ఆయన చెడ్డవారేం కాదు. ఎవరైనా ఎదురుగా నిలబడి ఒక మంచిమాట కోసం చూస్తే ఉత్తచేతులతో పంపలేని మనిషి. పంచిపెట్టడానికి ఆయన దగ్గరున్నది ఆ ఒక్క ఓటే. ఐదేళ్లపాటు దాన్నే అందరికీ పంచారు. ఎవరికీ చెప్పనని ఒక్కొక్కరి దగ్గరా ఒట్టు కూడా వేయించుకున్నారు. పాపం, ఊరు ఒట్టు నిలబెట్టుకుంది.

పెద్దాయన కత్తి మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

"సగం ఓటుకి సగం గడ్డమే సార్. మిగతా సగం అమ్మగారి చేత గీయించుకోండి."

అప్పుడే కొత్త చొక్కా తెచ్చిన దర్జీ గేటు దగ్గర ఆగిపోయాడు. అతని చేతిలోనూ కరపత్రమే.

"నడుం కొలుస్తుంటే చెవిలో చెప్పారు కదా సార్, ఆ ఓటు నాదేనని! ఆ అభిమానంతోనే మీ పొట్ట ఎంత పెరిగిందో ఊళ్లో ఒక్కడికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను."

చొక్కాతో వచ్చినవాడు చొక్కాతోనే వెనక్కి వెళ్లాడు. డ్రైవరు కూడా కారు తాళాలు అరుగు మీద పెట్టి పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఎమ్మెల్యే గారు బనీనుతో, ఒక చెంప తెల్లటి నురగతో, కుర్చీలో అలాగే ఉండిపోయారు.

బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు. "బావా, కరపత్రం అదిరింది! జనం విరగబడి వస్తున్నారు!"

నిజంగానే వస్తున్నారు. వాళ్ల ముఖాలు దగ్గరనుంచి చూశాక అతని ఉత్సాహం చల్లారింది. అయినా స్టూలెక్కి అరిచాడు.

"శాంతించండి! ఆ ఒక్క ఓటు మీ అందరిదీ!"

"అందరిదీ అయితే ఒక్కటెలా అవుతుందయ్యా? మేం లెక్కలు మాస్టారి దగ్గర నేర్చుకున్నాం!"

"సరే, మా బావ ఆ మాట ఎవరెవరితో అన్నాడో వాళ్లు చేతులెత్తండి!"

చేతులు లేచాయి. వెనక్కి తిరిగి చూస్తే అక్క కూడా కాఫీ కప్పు పట్టుకునే చెయ్యెత్తింది. మూడువందల పన్నెండు దాకా లెక్కపెట్టి అతను స్టూలు దిగిపోయాడు.

"బావా, ఊళ్లో నువ్వు చెప్పనివాళ్లు ఎవరైనా మిగిలారా?"

"ఇద్దరున్నారురా. ఒకడివి నువ్వు, ఆ రోజు సాయంత్రం దాకా నిద్రపోయి ఓటే వెయ్యలేదు. రెండోవారు లెక్కల మాస్టారు."

"పది రోజులాగండి," అని గేటు బయట ఎవరో అరిచారు. "ఎవరి ఒక్క ఓటు వాళ్లం వెనక్కి తీసుకుంటాం!"

ఎమ్మెల్యే గారికి ఇరవై ఏళ్లు తిరిగితే దక్కిన కుర్చీ అది. ఈసారి పోతే మళ్లీ మొదలుపెట్టే వయసు కాదు. ఏడుపొక్కటే తక్కువ.

అంతలో జనం పక్కకు తప్పుకున్నారు. లెక్కల మాస్టారు వస్తున్నారు. ఆయన చేతిలోనూ కరపత్రం ఉంది. తప్పు దొరికిన చోట అలవాటు ప్రకారం ఎర్రసిరాతో గీత గీశారు.

"ఇది తప్పు," అన్నారు మెట్ల దగ్గర ఆగి. "ఆ ఒక్క ఓటు నాది."

జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"నా పేరు మీద నేనే ముద్ర వేసుకోవాలంటే సిగ్గేసింది. సొంత పరీక్ష పేపరు తనే దిద్దుకోకూడదు కదా! అందుకని ఈయనకి వేశాను. నాకే వేసుకుని ఉంటే ఒక్క ఓటుతో నేను గెలిచేవాణ్ణి. మళ్లీ లెక్కపెట్టమని ఎందుకడుగుతాను? లెక్క సరిగ్గానే ఉందని నాకు తెలుసు."

ముందు నవ్వింది దర్జీ. తర్వాత ఊరంతా నవ్వింది. మాస్టారి ఓటు అని తేలాక ఇంక ఎవరికీ ఎవరిమీదా కోపం మిగల్లేదు. చొక్కా తిరిగొచ్చింది, డ్రైవరు తాళాలు తీసుకున్నాడు, పెద్దాయన పెట్టె తెరిచాడు. ఎమ్మెల్యే గారు నురగ చెంపతోనే మెట్లు దిగి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈసారైనా మీకు మీరు వేసుకోండి మాస్టారూ."

"తప్పేట్టు లేదు. మా ఇంటావిడ ఒట్టు వేయించుకుంది."

పది రోజుల తర్వాత పోలింగు గదిలో ఎమ్మెల్యే గారు ముద్ర చేతిలోకి తీసుకున్నారు. తన పేరు దాకా వెళ్లిన చెయ్యి అక్కడ ఆగింది. మాస్టారి మంచితనం గుర్తొచ్చి గుండె నిండిపోయింది. మెట్ల దగ్గర తనని కాచిన మనిషి! ఒక్క ఓటుతో పోయేదేముందిలే అనుకుని, మాస్టారి పేరు మీద ముద్ర వేసి వచ్చారు.

మాస్టారు గెలిచారు, ఒకే ఒక్క ఓటుతో.

మర్నాడు వరండాలో సెలూన్ పెద్దాయన ఎడమచెంప పూర్తిచేసి కత్తి మెడ మీదికి దించాడు. ఇల్లాలు కాఫీ పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఆ ఒక్క ఓటు ఎవడిదో తెలియాలి సార్," అన్నాడు పెద్దాయన పళ్లు కొరుకుతూ.

"నాకూ తెలియాలి," అంది ఇల్లాలు.

ఆ ఓటు ఎవరిదో మాజీ ఎమ్మెల్యే గారు ఈసారి ఒక్కరికీ చెప్పలేదు.