కళ్లలోకి మూడు సెకన్లు

పదిహేనేళ్ల అమ్మాయికి ఆటిజం ఉందో లేదో తేల్చే అసెస్‌మెంటుకు తేదీ ఖరారైనట్టు క్లినిక్ నుంచి ఉత్తరం రాగానే, పెద్దలందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు: పిల్ల ఇందులో ఫస్టు క్లాసులో పాసవ్వాలి. ఆ ఇంట్లో ఇంతవరకు ఏ పరీక్షా ఎవరూ తప్పిన దాఖలా లేదు.

ఆ అమ్మాయిని ఇంట్లో గడియారం అంటారు. భోజనం ఒంటిగంటకు అంటే ఒంటిగంటకే వచ్చి కూర్చోవడం, "ఐదు నిమిషాల్లో వస్తా"నన్న వాళ్లను ఆరో నిమిషంలో నిలదీయడం ఆమె దుర్గుణాలు. క్లాసులో గోల మొదలైతే ఆమెకు తల పగిలిపోతుంది. బడి నుంచి రాగానే గంటసేపు తలుపేసుకుని పడుకుంటే గానీ మళ్లీ మనిషి కాదు. అలా ఎందుకో తెలుసుకోవాలని పదకొండు నెలలుగా ఎదురుచూస్తోంది. డాక్టరు కాగితమిస్తే ఫైనల్ పరీక్షలు విడిగా, చప్పుడు లేని గదిలో రాసుకోవచ్చు. ఇంత చిన్న సంగతులు పెద్దల దృష్టికి రాకపోవడం సహజమే.

శిక్షణ బాధ్యతలు పెదనాన్నగారు స్వీకరించారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. తప్పేలా ఉన్న పిల్లలను ముందే వేరే బడికి సాగనంపి నూటికి నూరు శాతం ఫలితాలు సాధించిన దిట్ట. హాల్లో కుర్చీ వేయించుకుని డాక్టరు పాత్ర తానే ధరించారు.

"కళ్లలోకి చూడు తల్లీ. మూడు సెకన్లు. తర్వాత చిన్న నవ్వు. ఎలా ఉన్నావని అడిగితే ఏం చెప్పాలి?"

"ఎలా ఉంటే అలా."

"తప్పు! 'బాగున్నాను' అనాలి. ఎలా ఉన్నావన్నది ఇక్కడ అప్రస్తుతం."

కన్నవాళ్లు నింపాలంటూ క్లినిక్ వాళ్లు పంపిన పత్రం ముందు అమ్మ పెన్సిలు పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు పేరు పెట్టి పిలిస్తే పలికేదా? "పిలవకముందే పలికేదని రాయి," అన్నారు పెదనాన్నగారు. తోటి పిల్లలతో ఆడేదా? "వీధి వీధంతా మనింట్లోనే ఉండేదని రాయి." మధ్యాహ్నమంతా ఒంటరిగా బట్టల క్లిప్పులను రంగుల వారీగా పేర్చుకునే పిల్ల అమ్మ కళ్లముందు మెదిలింది. అయినా, నలుగురూ ఏమనుకుంటారన్న బలమైన శాస్త్రీయ కారణంతో చెప్పినట్టే రాసింది.

ఆరు వారాలకు గడియారం నవ్వు ఎంత చక్కగా కుదిరిందంటే, అద్దంలో చూసుకుని తనే జడుసుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ ఎలా ఉన్నావంది. మూడు సెకన్లు, చిన్న నవ్వు, "బాగున్నాను." పక్కనే అమ్మ, వెనక కుర్చీలో పెదనాన్నగారు. ఆయన మీసం మెలేశారు.

"ఇక్కడికి రావడానికి ఏమైనా ప్రాక్టీసు చేశావా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఇది సిలబస్‌లో లేదు. గడియారం బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది.

"నలభై రెండు రోజులు, రోజూ రెండు గంటలు. ఇందాకటిది పదమూడో రోజు నేర్చుకున్న నవ్వు. బాగున్నానని చెప్పమన్నారు. నేను బాగాలేను. చాలా అలిసిపోయాను."

డాక్టరమ్మ లేచి, గుయ్యిమంటున్న ట్యూబులైటు ఆపేసింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆ పత్రం వెనక్కి తీసుకుని, "రబ్బరుందా అండీ?" అంది.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. ఆటిజం ఉంది, పరీక్షలకు విడి గది ఇవ్వాలి. గడియారం దాన్ని రెండుసార్లు చదివి, మడిచి దిండు కింద పెట్టుకుని, హాయిగా నిద్రపోయింది.

హాల్లో మాత్రం పెదనాన్నగారి అధ్యక్షతన బంధువుల సంతాపసభ జరిగింది.

"శిక్షణలో ఏ లోపమూ లేదు. పిల్లే చేజేతులా పాడు చేసుకుంది. అయినా, ఉన్నదున్నట్టు చెప్పేసే ఈ జబ్బు మన వంశంలో ఎవరికీ లేదే!"

నిజమేనని సభ యావత్తూ తలూపింది. మీ వంశంలోనూ ఎవరికీ ఉండి ఉండదు లెండి.