ముందు చక్రం, తరవాత బ్రేకు

పిచ్చేశ్వరరావు బండికి కొత్తగా బిగించిన ముందు చక్రం ఎక్కడికైనా సరే అతనికన్నా ఒక పూట ముందే చేరుకునేది. ఇందులో ఒక్క ముక్క కల్పన అని తేలినా, సగం మీసం గొరిగించుకుని కాకర్లపూడి లాకుల సెంటర్లో నిలబడతాను.

ఆ లాకుల సెంటర్లోనే పిచ్చేశ్వరరావుకు ఫ్లెక్సీల దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ అతనే కొట్టిచ్చేవాడు. దుకాణం దాటగానే వచ్చే మలుపులో కాలవలో పడి పోయినవాళ్ళకూ అతనే. మలుపులో ఉండాల్సిన కంచెను ఎప్పుడో ఒక ధాన్యం లారీ గుద్ది తీసుకుపోయింది. అప్పటినుంచీ అతనికి గిరాకీ తగ్గలేదు.

మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి ఆ బండి. పాత బండి నడుం కోయించి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మార్పించి, టాంకీ మీద గద్ద బొమ్మ వేయించాడు. చివరికి కంపెనీది కాని లావుపాటి అల్లాయ్ చక్రమూ డిస్కు బ్రేకూ తెప్పించి మెకానిక్ మస్తాన్‌వలి ముందు పెట్టాడు. చక్రం బొక్క పెద్దది, ఇరుసు సన్నది. లేత్ మిషను మీద ఆ సందు నింపే బుష్ కోయించి సరిచేయాలి. బ్రేకు నిలబడటానికి ఫోర్కు మీద చోటు లేదు, దానికి పట్టీ అతికించాలి. పిచ్చేశ్వరరావుకు ఆగే ఓపిక లేదు.

"ముందు చక్రం పెట్టు మస్తానూ, బ్రేకు తరవాత చూద్దాం," అన్నాడు.

మస్తాన్‌వలి అన్న మాటను అన్నట్టే చేసే మనిషి. చక్రాన్ని ముందు పెట్టాడు, బ్రేకును తరవాత పెట్టాడు. కర్పూరం వెలిగించి చక్రం కింద నిమ్మకాయ పెట్టి బండి కదిపితే నిమ్మకాయ చితకలేదు. చక్రం అప్పటికే వెళ్ళిపోయింది మరి. మస్తాను ఆ నిమ్మకాయను సోడాలో పిండుకుని తాగాడు.

ఊరు త్వరగానే అలవాటుపడింది. పొద్దున చక్రం ఒంటరిగా దొర్లుకుంటూ వచ్చి టీకొట్టు గోడకు ఆనుకుంటే, సాయంత్రం పిచ్చేసు వస్తాడని కొట్టువాడు ఒక టీకి పాలు ఉంచేవాడు. మిగతా బండి చక్రం వెళ్ళిన దారినే, ఖాళీ ఫోర్కుతో, ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేది. రవాణా ఆఫీసువారు విచారించి, చక్రానికి హెల్మెట్ అక్కర్లేదనీ, వెనక వచ్చే మనిషికి మాత్రం తప్పదనీ తేల్చారు. ఇక ముందు బ్రేకు, నొక్కిన ఒక పూట తరవాత పట్టేది. రాత్రి నొక్కితే తెల్లారి వాకిట్లో స్టాండు వేసి ఉన్న బండి కీచుమనేది, పక్కింటి కోళ్ళు ఎగిరిపడేవి. పిచ్చేశ్వరరావు వెనక బ్రేకుతో నెట్టుకొచ్చేవాడు. ఆ వెనక బ్రేకు ఎంత పడేదో అడక్కండి.

ఒక మధ్యాహ్నం చిట్టిబాబు దుకాణంలోకి వచ్చాడు. ఊళ్ళో ఏ కార్యమైనా, శుభమో అశుభమో, ఆయన ఫోటో లేకుండా జరగదు.

"ఏరా పిచ్చేసూ, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి కావాలిరా. అర్జెంటు."

"ఎవరు పోయారు బాబాయ్?"

"ఇంకా పోలా. సాయంత్రానికి."

"పేరు చెప్పండి."

చిట్టిబాబు కొంచెం మొహమాటపడ్డాడు. "నీ పేరేరా. ఇంటిపేరుతో సహా వెయ్యి, బాగుంటది."

పిచ్చేశ్వరరావు చేతిలో మౌసు ఆగిపోయింది.

"నీ చక్రం పొద్దున్నించీ మలుపు కాడ కాలవలో ఉంది గదా," అన్నాడు చిట్టిబాబు. "సగం నీళ్ళ మీదికి కనపడతా ఉంది. నీకెవరూ చెప్పలా?"

"చెప్పలేదు బాబాయ్."

"అదేందిరా! ఊరంతా చూశాం. ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని ఎవరికి వాళ్ళం ఊరుకున్నాం."

పిచ్చేశ్వరరావు నోరు మాత్రం అలవాటు కొద్దీ అడిగేసింది. "మీ ఫోటో ఏ సైజు పెట్టమంటారు?"

"ఎప్పట్లాగే. నాది పెద్దది. నీది కింద, పువ్వుల మధ్యన."

ఫ్లెక్సీ మిషను మీదికి ఎక్కించి అతను మస్తాను దగ్గరికి పరిగెత్తాడు.

"చక్రం విప్పెయ్ మస్తానూ!"

"ఇక్కడ ఉంటే గదన్నా విప్పడానికి."

"పాతది వెయ్!"

"మార్చిన ఫోర్కుకి పాతది పట్టదు."

"పోనీ బ్రేకు! ఇప్పుడు నొక్కితే?"

మస్తాను ఎండ వైపు చూసి లెక్క వేశాడు. "ఇప్పుడు నొక్కితే రాత్రికి పడుద్దన్నా. పొద్దున్నే నొక్కి ఉంటే సాయంత్రానికి గట్టిగా పట్టేది. బ్రేకులో తప్పేం లేదు." ఆ మాట అన్నాక నొచ్చుకున్నాడు కూడా.

అక్కణ్ణుంచి మలుపు దగ్గరికి వెళితే రోడ్ల శాఖ ఇంజనీరు గారు జీపు దిగి నిలబడి ఉన్నారు. కంచె లేని చోటును టేపుతో కొలిపించారు. కాలవలో తేలుతున్న చక్రాన్ని చూసి తల ఊపారు.

"కంచె పడాల్సిందేనండీ," అన్నారు చాలా మర్యాదగా. "కాకపోతే మా దాంట్లో కూడా ముందు ప్రమాదం, తరవాత కంచె. మీది అయిపోతే మా ఫైలు కదులుతుంది."

నడిచి ఇంటికి వచ్చేసరికి భార్య నాంచారమ్మ, పొద్దున్నించీ వాకిట్లోనే ఉన్న బండి తాళంచెవి కొంగున ముడివేసుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. రోజూ ఈ వేళకు వాకిట్లో కనిపించే చక్రం ఇవాళ రాలేదు. అందుకని రాత్రికి అతని వంతు బియ్యం పోయాలో వద్దో తెలియక, ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"ఈ పూట బండి తియ్యకయ్యా," అంది.

తియ్యకూడదనే అతనూ అనుకున్నాడు. కానీ వాకిలి బయట చిట్టిబాబు, ఆయన వెనక పదిమందీ చెప్పులు విడిచి మర్యాదగా నిలబడ్డారు.

"షామియానా వేయించామమ్మా. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు," అన్నాడు చిట్టిబాబు. "చక్రం వచ్చింతర్వాత మనిషి రాకపోవడం ఇంతవరకూ లేదు గదా. ఏం బాగుంటది?"

నాంచారమ్మ లేచింది. "ఇంతమంది ఉన్నారే! పొద్దున్నించీ రెండు వెదురు బొంగులు అడ్డం కట్టలేకపోయారా?"

ఎవరూ కోప్పడలేదు. మాట సబబుగానే ఉందనుకున్నారు.

"అది రోడ్డోళ్ళ పని తల్లీ," అన్నాడు చివరికి ఒక పెద్దాయన. "మనం చేస్తే వాళ్ళు నొచ్చుకుంటారు."

నాంచారమ్మ తాళంచెవి ఇవ్వలేదు. పిచ్చేశ్వరరావే ఆమె కొంగు ముడి విప్పుకున్నాడు. విప్పుతుంటే ముడి రెండుసార్లు మళ్ళీ బిగిసింది. ఆమె అతని వేళ్ళను పట్టుకుంది. బయట ఎవరో, తొందరేం లేదన్నట్టు, సన్నగా దగ్గారు.

హెల్మెట్ పెట్టుకుని బయలుదేరాడు. దారికి రెండు పక్కలా జనం జరిగి దారి ఇచ్చారు. మలుపు ముందు ఫ్లెక్సీ కట్టి ఉంది. రంగులు బాగా వచ్చాయి. పువ్వుల మధ్య తన మొహం చూసుకుని, అక్షరదోషాలు లేవని గమనించాడు. వెనక బ్రేకు తొక్కాడు, అది ఎప్పట్లాగే పడీ పడనట్టు పడింది. ముందు బ్రేకు ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. అది మెత్తగా, హాయిగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. రేపు పొద్దున తప్పకుండా పడుతుందని అతనికి తెలుసు. ఖాళీ ఫోర్కు నేరుగా తన చక్రం వైపు వెళ్ళింది.

తెల్లవారి నీళ్ళ అడుగు నుంచి కీచుమన్న శబ్దం లాకుల దాకా వినిపించింది. గట్టు మీద నిలబడిన నాంచారమ్మ చెవులు మూసుకుంది. మిగతావాళ్ళు, పనితనం చూడండి, ఎంత గట్టిగా పట్టిందో అని మస్తాన్‌వలిని మెచ్చుకున్నారు. చక్రం మంచిదే, ఎవరికైనా పనికొస్తుందని పైకి తీసి ఆరబెట్టారు.

ఇక మీసం సంగతి. పందెం ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. ఇందులో ఒక్కటి నేను కల్పించాను. ఇంజనీరు గారు జీపు దిగి ఆ మలుపును చూశారన్న ముక్క. కథలో కాస్త ఊరట ఉండాలని పెట్టాను. గొరిగించుకుందామంటే నాకు పుట్టి బుద్ధెరిగాక మీసమే లేదు. మిగతాదంతా మీరు రోజూ చూస్తూ దాటిపోయేదే.